కోడలు పలకని పేరు

ఫ్రూంజె,
సెప్టెంబరు 1974

ప్రియమైన బురుల్‌కి,

నీ ఉత్తరం, ఎండు పెరుగుండల మూట రెండూ అందాయి. ఉత్తరం నాకు, ఉండలు హాస్టలుకి. ఒక్క పూటలో ఊడ్చేశారు దొంగవెధవలు. నాకు మూటగుడ్డ వాసన మిగిలింది. అదీ మనింటి వాసనే కాబట్టి దిండు కింద పెట్టుకున్నాను.

ఇక్కడ పెద్ద కబురేమిటంటే, ప్రొఫెసరు గారు నా పరిశోధనకి ఒప్పుకున్నారు. మగవాళ్లకీ ఆడవాళ్లకీ మన భాషలో ఉన్న మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, ఎలా మారాయి అన్నది విషయం. రోజంతా లైబ్రరీలోనే ఉంటున్నాను. నీకొక తమాషా చెప్పనా? మా అమ్మకి కోపమొస్తే నిన్ను 'కాతిన్' అంటుంది కదా, 'ఒసేయ్' అన్నట్టు. ఆ మాట వెయ్యేళ్ల కిందటి రాళ్ల మీద చెక్కి ఉంది. అప్పుడు ఖాతున్ అంటే రాణి! ఖాను పక్కన కూర్చునే మనిషి. వెయ్యేళ్లలో సింహాసనం మీంచి జారి జారి, ఇవాళ పేడకుప్ప పక్కన తిట్టయి కూర్చుంది. మగవాణ్ణి చెప్పే 'ఎర్' మాత్రం అప్పుడూ వీరుడే, ఇప్పుడూ వీరుడే. ధైర్యాన్ని కూడా 'ఎర్దిక్' అనే అంటాం, మగతనమని. ఆడమాట మాత్రమే ఎందుకు దిగజారింది? అదే నా పుస్తకం.

ఇక నీతో పని. కోడళ్లు అత్తింటి పెద్దల పేర్లు ఎత్తకూడదు కదా. ఆ పేరులో ఉన్న మాట కూడా నోట రాకూడదు. మా నాన్న పేరు తెమిర్ కాబట్టి ఇనుము అన్న మాటే నీకు లేకుండా పోయింది. మరి బదులు ఏమంటావు? చుట్టుపక్కల కోడళ్లు ఏమేం కట్టుకున్నారు? ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. ఆడవాళ్ల నోళ్లలో ఉన్నాయి, మగవాడు దగ్గరికొస్తే ఆ నోళ్లు మూతపడతాయి. నువ్వే నా లైబ్రరీవి. అన్నీ రాసి పంపు.

నవంబరు పండక్కి వస్తాను. పుస్తకం గట్టెక్కితే కుటుంబం గది ఇస్తారు. నిన్నూ పాపనీ తెచ్చేసుకుంటాను. ఇక్కడ నువ్వు నన్ను వీధిలో పేరుపెట్టి కేకేసినా వెనక్కి తిరిగి చూసేవాడుండడు.

నా రాణికి ప్రేమతో,
నీ షేర్‌గాజీ

*

ఆట్‌బాషి లోయ,
అక్టోబరు 1974

ప్రియమైన పాప నాన్నగారికి,

మీ ఉత్తరం పొయ్యి దగ్గర కూర్చుని చదువుతూ నవ్వాపుకోలేకపోయాను. అత్తయ్య ఇన్నాళ్లూ నన్ను రాణీ రాణీ అని పిలుస్తున్నారా! నిన్న పాలు పొంగిపోతే "ఒసే కాతిన్, కళ్లెక్కడ పెట్టి వచ్చావే, మీ అమ్మ చూలుతో ఉన్నప్పుడు గుడ్డిగొర్రె మాంసం తిన్నదా?" అన్నారు. ఇకమీదట అలా అన్నప్పుడు నడుం నిటారుగా పెట్టి నిలబడతాను. వీపు మీద గరిటె పడితే అది పట్టాభిషేకం అనుకుంటాను.

మీరడిగిన మాటలు. మామగారి పేరున్న వస్తువుని నేను 'గట్టిది' అంటాను. బకెట్టు 'నీళ్ల గట్టిది'. మేకు 'గుచ్చే గట్టిది'. పోయిన నెల తల తిరుగుతోందని ఆసుపత్రికెళ్తే డాక్టరమ్మ నా రక్తంలో అదే తక్కువైందని చెప్పింది. ఇంటికొచ్చాక అత్తయ్య ఏమందే డాక్టరమ్మ అని అడిగారు. ఎలా చెప్పను? "నా ఒంట్లో మామయ్యగారు తగ్గారటండీ" అన్నాను. ఎదురింటి కోడళ్లిద్దరూ కట్టె కోసం వచ్చినవాళ్లు, అక్కడే కూలబడి నవ్వారు. అత్తయ్యకి కూడా నవ్వొచ్చింది, దాచుకోవడానికి నన్ను రెండు తిట్లు తిట్టారు. ఇది మీ పుస్తకంలో పెడితే నా వాటా నాకివ్వాలి.

పెద్ద బావగారి పేరు ఎటూ ఎత్తను. ఆయన నల్లగుర్రం మీద తిరుగుతారు కాబట్టి మా ఆడవాళ్లలో 'నల్లగుర్రపాయన'. గొంతు వినపడగానే తల వంచి గోడవైపు తిరుగుతాం. ఏడేళ్లయింది ఈ ఇంటికొచ్చి, ఆయన ముఖం నేరుగా చూసిన గుర్తు లేదు. బూట్లు మాత్రం బాగా తెలుసు.

మీకింకో రెండు మాటలు ఊరికే ఇస్తాను. పాప పేరు అత్తయ్య పెట్టారు, ఊల్‌బోల్సున్, 'కొడుకు పుట్టనీ' అని. పాపని బువ్వకి పిలిస్తే ఇంకెవడో రావాలని పిలిచినట్టుంటుంది. అది మాత్రం పాపం పరిగెత్తుకొస్తుంది. నా పేరూ అంతే కదా. ముగ్గురు ఆడపిల్లల తర్వాత నేనూ ఆడపిల్లనే అయ్యేసరికి నాన్న బురుల్ అన్నారు, 'మళ్ళు' అని. నాకు కాదు, అమ్మ కడుపుకి చెప్పారు, ఇక ఆడదారి మానేసి మగదారికి మళ్ళమని. మళ్ళింది. ఎసెన్ పుట్టాడు. "నీ పేరే లాక్కొచ్చిందే వాణ్ణి" అని అమ్మ ఇప్పటికీ నాకు ఒక బూరె ఎక్కువ పెడుతుంది.

ఎసెన్ అంటే జ్ఞాపకం వచ్చింది. వాడు ఈ నెల నుంచి మన ఉమ్మడి పొలాల కొల్ఖోజ్ లారీ మీద బావగారి దగ్గర మూటలెత్తే పనిలో చేరాడు. స్టీరింగు ముట్టుకోవాలని వాడికి ప్రాణం. బావగారు ముట్టుకోనివ్వరు. ఇరవయ్యేళ్లొచ్చాయి, ఇంకా నా దగ్గరికొచ్చి మీగడ గీకిపెట్టమంటాడు.

త్వరగా రండి. పేరుపెట్టి పిలవడం ఇప్పుడే చెప్పలేను, అలవాటు చేసుకోవాలి.

మీ బురుల్

*

ఆట్‌బాషి లోయ,
నవంబరు 1974

ప్రియమైన పాప నాన్నగారికి,

మీరు పోలీసులకి కాగితం రాసిచ్చి బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ కాగితంలో ఏముందో నాకు మీరు చెప్పలేదు. ఊరు చెప్పింది. లారీ ఎసెన్ నడిపాడని రాశారట. మీరు క్యాబిన్లో నిద్రపోతున్నారట.

నేను వంతెన కింద నీళ్లు ముంచుతున్నాను. మీకు తెలుసు, నన్ను మీరు చూశారు. అయినా రాస్తాను, మీరు కాదనడానికి వీల్లేకుండా రాస్తాను. గొర్రెలకాపరి సతార్‌కుల్ కూతురు దూడని తోలుకుంటూ వంతెన దాటుతోంది. లారీ వంకర్లు పోతూ వచ్చింది. ఆ తర్వాత పిల్ల లేదు. స్టీరింగు వైపు తలుపు తీసుకుని దిగింది బావగారు. దిగారనడం మర్యాద కోసం, జారి పడ్డారు. పండగ తాగుడు అప్పటికింకా దిగలేదు. ఎసెన్ వెనక మూటల మీంచి దూకి పిల్ల దగ్గరికి పరుగెత్తుతున్నాడు. మీరు చుట్టూ తిరిగొచ్చి వాణ్ణి కోటు పట్టుకుని లాగారు. స్టీరింగు ముందుకి ఎక్కించి కూర్చోబెట్టారు. "కూర్చోరా, నేను చూసుకుంటాను" అన్నారు. అక్క మొగుడు కూర్చోమంటే వాడు కూర్చోడా? ఆ లాగులాటలో మీ పట్నం టోపీ తలుపు పక్క మంచులో పడింది. దులిపి మీ చేతికిచ్చింది నేనే.

ఇప్పుడు వాడు జిల్లా లాకప్పులో ఉన్నాడు. "నేను కాదు, పెద్ద బావగారు నడిపారు" అంటే మీ కాగితం వాడికి చదివి వినిపించారట. నమ్మలేదట వాడు, చదవడం తప్పు చదివారన్నాడట.

నెల తిరగ్గానే విచారణ. నన్ను సాక్షిగా పిలిచారు. మీరు వెంటనే వచ్చి ఆ కాగితం మార్చండి. మీ కాళ్లు పట్టుకుంటాను. వాడి కోసమే నన్ను కన్నారు మా వాళ్లు.

మీ బురుల్

*

ఫ్రూంజె,
డిసెంబరు 1974

ప్రియమైన బురుల్‌కి,

నువ్వు ఏడుస్తూ రాశావు. నేనూ ఏడుస్తూ చదివాను. ఆ పిల్ల నా కళ్లలోంచి పోవడం లేదు.

నువ్వు చూసింది చూశావు, కాదనను. కానీ కాస్త స్థిమితంగా ఆలోచించు. అన్నయ్య కొల్ఖోజ్ పనివాళ్ల బ్రిగేడ్ నాయకుడు, పార్టీ మనిషి, తాగి ఉన్నాడు. అతనికైతే పదేళ్లకి తక్కువ పడదు. అయిదుగురు పిల్లలు, మా అమ్మ, నువ్వు, పాప, ఇక్కడ నా చదువు, అందరం ఆ ఒక్కడి భుజాల మీద ఉన్నాం. ఎసెన్ కుర్రాడు, తాగలేదు, పెళ్లికాలేదు, కొత్త చెయ్యి. వకీలుతో మాట్లాడాను. వాడికైతే ఏడాది వేస్తారు, అదీ ఊళ్లోనే కొల్ఖోజ్ పని చేస్తూ గడిపేయొచ్చు. ఆ తర్వాత వాణ్ణి నేనే ఇక్కడికి తెచ్చి డ్రైవింగు నేర్పిస్తాను. మాటిస్తున్నాను.

నిన్ను అబద్ధం చెప్పమని నేనెప్పుడైనా అంటానా? అనను. కోడలు పెద్దల ముందు నోరు విప్పదు, పేరెత్తదు. నువ్వు తల వంచుకుని నిలబడు, చాలు. జడ్జి మనవాడే, అర్థం చేసుకుంటాడు. అది అబద్ధం కాదు, మర్యాద. వందల ఏళ్ల నుంచి మన ఆడవాళ్లు కట్టుకున్న గౌరవం. నేను ఇన్ని పుస్తకాలు తిరగేసి ఒకటి తెలుసుకున్నాను, మగవాడి ఎర్దిక్ కత్తిలో ఉంటే ఆడదాని గొప్పతనం పెదవి మీద ఉంటుంది.

నిన్న భార్యని 'అయాల్' అంటామే, ఆ మాట వెతికాను. అరబ్బీ నుంచి వచ్చింది. ఒకరి చేతి తిండి మీద బతికే ఇంటివాళ్లు అని అసలు అర్థం. కాస్త కటువైన మాటే, కానీ నిజం దాచని మాట. ఆ చెయ్యి విరిగితే ఏమవుతుందో చూసుకో. ఇల్లు ముక్కలైతే కోడలు పుట్టింటికి పోతుంది, పిల్ల తండ్రి ఇంట్లో ఉంటుంది. ఊల్‌బోల్సున్ మా ఇంటి పిల్ల. నేను బెదిరించడం లేదు. ఆచారం నీకూ తెలుసు కాబట్టి గుర్తుచేస్తున్నాను.

వసంతంలో గది వస్తుంది. కిటికీకి ఏ రంగు తెర వేయిద్దామో ఆలోచించి ఉంచు.

ఎప్పటికీ నీ,
షేర్‌గాజీ

*

ఆట్‌బాషి లోయ,
జనవరి 1975

ప్రియమైన పాప నాన్నగారికి,

మీరు చెప్పినట్టే చేశాను.

హాలు కిక్కిరిసిపోయింది. నన్ను నిలబెట్టి జడ్జి అడిగాడు, స్టీరింగు వైపునుంచి ఎవరు దిగారని. ముందు వరసలో బావగారి బూట్లు కనపడుతున్నాయి, కొత్తగా నల్లరంగు పూశారు. నేను తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. జడ్జి మళ్లీ అడిగాడు. వేలెత్తి చూపించమ్మా చాలు అన్నాడు. అత్తయ్య వెనకనుంచి లేచి "మా కోడలు పెద్దల ముందు వేలెత్తే రకం కాదయ్యా, మంచి ఇంటి పిల్ల" అన్నారు. ముసలమ్మలందరూ అవునవునని తలలూపారు. ఏడేళ్లలో నన్ను అత్తయ్య మెచ్చుకోవడం అదే మొదలు.

అప్పుడు జడ్జి అడిగాడు, "పోనీ ఎసెన్ నీ తమ్ముడే కదా, వాడి పేరు ఎత్తడానికి నీకు అడ్డం లేదు కదా, వాడేనా నడిపింది?" అని.

అడ్డం లేదు. పాప నాన్నగారూ, తమ్ముడి పేరెత్తడానికి ఏ ఆచారమూ అడ్డం లేదు. 'ఎసెన్ కాదు', ఈ రెండు మాటలు నాలుక చివర ఉన్నాయి. తల కొంచెం తిప్పి చూశాను. పాప అత్తయ్య ఒళ్లో ఉంది. అత్తయ్య దాని రెండు చేతులూ తన గుప్పిట్లో పెట్టుకుని ఉన్నారు.

"అక్కా, చెప్పవే" అన్నాడు వాడు. కోపంగా కాదు. మీగడ పెట్టవే అన్నప్పటి గొంతే.

నేను చెప్పలేదు.

అయిదేళ్లు వేశారు. ఊళ్లో కాదు, ఉత్తరాన కలప కొట్టే జైలుకి. మీ వకీలు ఏడాదన్నాడు కదా, ఇదేమిటి? మీరు మాటిచ్చారు. అర్జీ పెట్టండి. వాణ్ణి రైలెక్కించేటప్పుడు పైన కోటు కూడా లేదట, ఒంటి మీద నేను కుట్టిన గళ్ల ఊలు చొక్కా ఒక్కటే ఉందట. మా అమ్మ మనింటి గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్లిపోయింది.

బావగారు ఇవాళ గుర్రం మీద పోతూ పాపకి బెల్లం ముక్క ఇచ్చారు.

మీ బురుల్

*

ఫ్రూంజె,
మే 1976

ప్రియమైన బురుల్‌కి,

నీ ఉత్తరాలన్నీ అందాయి. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. పరిశోధన పూర్తయింది! పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. సభలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

నీకు చెప్పి తీరవలసిన మాట. నాలుగో అధ్యాయంలో నిన్ను పెట్టాను, పేరు లేకుండా, 'ఆట్‌బాషికి చెందిన ఒక కోడలు' అని. కోర్టులో నిలబెట్టి అడిగినా, సొంత తమ్ముడి కోసమైనా, పెద్దల గౌరవం కోసం పెదవి విప్పని స్త్రీ. ప్రొఫెసరు గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇలాంటి ఆడవాళ్లు ఇంకా ఉన్నారా!" అన్నారు. గర్వంగా అనిపించింది. నీ 'గట్టిది' కూడా పెట్టాను, ఆసుపత్రి హాస్యం మాత్రం తీసేయమన్నారు.

ఎసెన్ అర్జీ సంగతి మర్చిపోలేదు. ఇప్పుడు కదిలిస్తే పాత విషయాలు లేస్తాయి, పుస్తకం బయటికి రానీ. గది కూడా వచ్చింది కానీ ఒక్కడికే. నువ్వొస్తే అమ్మని ఎవరు చూస్తారన్నది కూడా ఉంది కదా. కొన్నాళ్లు ఆగుదాం.

పాపకి ముద్దులు,
షేర్‌గాజీ

*

ఆట్‌బాషి లోయ,
ఫిబ్రవరి 1977

పాప నాన్నగారికి,

ఎసెన్ పోయాడు. ఊపిరితిత్తులన్నారు. నెల కిందటే పోయాడట, మాకు ఇప్పుడు చెప్పారు. మనిషిని అక్కడే పూడ్చేశారు, చొక్కా ఒక్కటి పంపారు. మోచేతుల దగ్గర వాడే ఏదో సంచిగుడ్డతో మాసికలు వేసుకున్నాడు. వాడికి కుట్టడం రాదు. గుచ్చి గుచ్చి కుట్టాడు.

మా అమ్మ నన్ను పేరుపెట్టి పిలవడం మానేసింది. ఆ పేరు నోట్లోకి వస్తే వాడు వస్తాడు కాబోలు అనిపిస్తుందట. ఒసే, ఇదిగో, అంటుంది. నేనూ పలుకుతాను.

మీ నాలుగో అధ్యాయంలో ఇది కలపడానికి ఇంకా వేళ ఉందేమో కనుక్కోండి.

బురుల్

*

ఫ్రూంజె,
ఏప్రిల్ 1978

నా ప్రాణమైన బురుల్‌కి,

ఏడాదికి పైగా నీకు రాయలేకపోయాను. ఏ ముఖంతో రాయను? ఇవాళ రాయక తప్పడం లేదు. ఈ ఉత్తరం చదివి చించెయ్.

సతార్‌కుల్ ఊరుకోలేదు. మాస్కో దాకా అర్జీలు పెట్టాడు. కేసు మళ్లీ తెరిచారు. ఆ రోజు కొండ మీద ఉన్న ఇంకో కాపరి ఇప్పుడొచ్చి, స్టీరింగు వైపు తలుపు దగ్గర పట్నం టోపీ మనిషిని చూశానన్నాడు. టోపీ ఎవరిదో ఊరందరికీ తెలుసు. దాంతో అన్నయ్యని పిలిచారు. అన్నయ్య ఏమన్నాడో తెలుసా? తమ్ముడే నడిపాడు, చదువుకునేవాడు కదా అని ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నాను అన్నాడు. నా తోడబుట్టినవాడు! ప్రమాణం చేసి నా పేరు చెప్పాడు!

బురుల్, ఆ రోజు వంతెన కింద ఉన్నది నువ్వొక్కదానివే. ఎవరు నడిపారో చెప్పగలిగింది నువ్వొక్కదానివే. అమ్మని అడిగాను, "ఇద్దరూ నా కొడుకులే, నాకేం తెలీదు" అంది. అన్నయ్య ఇంట్లో తింటోంది కదా మరి.

పేరెత్తకూడదన్న ఆ ఆచారం పాత కుళ్లు. ఆడవాళ్ల నోళ్లు కుట్టడానికి మగవాళ్లు కట్టుకున్న ఆచారం. కావాలంటే రేపే పత్రికలో రాస్తాను, నా పుస్తకం తప్పని రాస్తాను. ఖాతున్ గురించి నీకు చెప్పాను కదా, పూర్తిగా చెప్పలేదు. పాతరోజుల్లో ఆమె మాట కలవనిదే ఖాను ఆజ్ఞ చెల్లేది కాదంటారు. రాణి నోరు తెరిచి మాట్లాడేది, బురుల్! నువ్వు ఆ రాణి మనవరాలివి. లేచి నిలబడి అన్నయ్య పేరెత్తు, 'కల్మత్' అను. ఒక్క పేరు. కల్మత్ నడిపాడు అను. నిజమే కదా? నిన్ను అబద్ధం చెప్పమని నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

ఇది గట్టెక్కితే నిన్నూ పాపనీ ఆ రోజే తీసుకొచ్చేస్తాను. ఈసారి ఒట్టు.

నీ పాదాల దగ్గర,
షేర్‌గాజీ

*

ఆట్‌బాషి లోయ,
జూన్ 1978

ప్రియమైన పాప నాన్నగారికి,

మీ ఉత్తరం చించలేదు, పొయ్యిలో పెట్టాను. చలికాలం పోయినా పొద్దున్నపూట ఇంకా చల్లగానే ఉంటోంది.

కోర్టులో మీరు బోనులో ఉన్నారు. అక్కణ్ణుంచి మీకు నా తలగుడ్డ తప్ప ఏమీ కనపడి ఉండదు. అందుకని రాస్తున్నాను. ఈ జడ్జి కొత్తవాడు, ముందే ఎసెన్ సంగతి అడిగాడు. ఈసారి అత్తయ్య ఒళ్లో పాప లేదు. దాన్ని మా అమ్మ దగ్గర వదిలి వచ్చాను. నేను గట్టిగా చెప్పాను, కిటికీల దాకా వినపడేటట్టు చెప్పాను. "ఎసెన్ కాదు. ఎసెన్ వెనక మూటల మీద ఉన్నాడు. చచ్చిపోయిన పిల్ల దగ్గరికి మొదట పరుగెత్తింది వాడే." గుమాస్తా అంతా రాసుకున్నాడు. నా తమ్ముడి మీద ఉన్న మచ్చ ఆ పూటే తుడిచేశారు. ముందుసారి పలకాల్సిన రెండు మాటలు అవి, పలకడానికి ఇంతకాలం పట్టింది.

మీరు అప్పుడు కాస్త ముందుకి వంగారు. చూశాను. బావగారి బూట్లు కదిలాయి, అదీ చూశాను.

తర్వాత జడ్జి, "అయితే ఈ అన్నదమ్ముల్లో ఎవరమ్మా?" అన్నాడు.

నేను తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మీరు అరిచారు. "చెప్పవే! నోరు పడిపోయిందా కాతిన్!" అన్నారు. రాణీ అన్నారో, అత్తయ్య అనేదే అన్నారో మీకే తెలియాలి. జడ్జి నాక్కూడా శిక్ష వేస్తానని బెదిరించాడు. అప్పుడు బావగారి వకీలు లేచాడు. చేతిలో మీ పుస్తకం ఉంది. నాలుగో అధ్యాయం తీసి, ఆట్‌బాషి కోడలి సంగతి మొత్తం పైకి చదివాడు. కోడలి మౌనాన్ని నేరంగా చూడకూడదు, అది జాతి గౌరవం అని మీరు రాశారు కదా, ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. చాలా బాగా రాశారు మీరు. ముసలమ్మలు ముక్కులు చీదుకున్నారు. జడ్జి పుస్తకం తిరగేసి, మీ పేరు చూసి, మీ ముఖం చూసి, నన్ను వెళ్లి కూర్చోమన్నాడు.

ఇక మీకు కనపడనిది చెబుతాను. కొంగు వెనక నా పెదవులు కదులుతూనే ఉన్నాయి. బావగారి పేరు అన్నాను. మీరు చెప్పమన్నట్టే, ఆయన నడిపాడు అన్నాను. మీ పేరు కూడా అన్నాను. పెళ్లయ్యాక మొదటిసారి. ఎలా ఉంటుందో చూద్దామని రెండు పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి అన్నాను, గొంతు మాత్రం రానివ్వలేదు. మిమ్మల్ని కాపాడే నిజం మీకు పది అడుగుల దూరంలో నా నోట్లో నలుగుతోంది, మీరు నా వైపే చూస్తున్నారు. నాకు భయం వేయలేదు, జాలి కూడా వేయలేదు. ఆడదాని ధైర్యానికి మన భాషలో మాట లేదని ఎక్కడో రాశారు మీరు. దొరికితే రాసి పంపుతాను.

ఎనిమిదేళ్లు అన్నప్పుడు మీరు కూలబడ్డారు. నా తమ్ముడు కూలబడలేదు.

ఇంటికొచ్చాక అత్తయ్య నన్ను కూర్చోమని, తన చేత్తో టీ పోసి ఇచ్చారు. "పెద్దవాణ్ణి మిగిల్చావే తల్లీ" అన్నారు. టీ తాగేసి, గిన్నె బోర్లించి లేచాను. "నన్ను మీగడ గీకిపెట్టమనేవాడు ఒక్కడే ఉండేవాడండీ" అన్నాను. నా దుప్పటి, కుట్టుపని పెట్టె తీసుకుని మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. బావగారు పాప కోసం రావచ్చు. వస్తే రానీండి. ఆయన్నీ వంతెన కిందనుంచి చూసింది నేనే, ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఎప్పుడైనా పేరెత్తబుద్ధి పుట్టొచ్చు కదా నాకు.

మిమ్మల్నీ ఉత్తరానికే పంపారట, కలప కొట్టే చోటికే. అక్కడ చలి ఎముకల్లోకి పోతుందని ఎసెన్ రాశాడు. ఈ ఉత్తరంతో పాటు ఒక గళ్ల ఊలు చొక్కా పంపుతున్నాను. మోచేతుల దగ్గర మాసికలున్నాయి, గరుకుగా ఉంటాయి, వేసుకుంటే తెలుస్తుంది. సూదిపని రాని చేతులు కుట్టినవి, ఊడదీయకండి.

ఇట్లు,
ఎసెన్ అక్క
బురుల్